ఏ కుదురు గడ్డ?

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జయంతి నాడు, జనవరి 12న, ఆకివీడులో చేసిన స్మారకోపన్యాసం)



పొద్దున భీమవరం నుంచి కారులో వస్తుంటే ఉండి ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా దాళ్వా నాట్లు పడుతున్నాయి. కారాపి కాసేపు గట్టు మీద నిలబడ్డాను. నాట్లేసే వాళ్ళెవరూ మొక్కల్ని లెక్కపెట్టరు, కుదుళ్ళని లెక్కపెడతారు. చదరపు మీటరుకి ఇన్ని కుదుళ్ళు ఉండాలని వ్యవసాయ శాఖ వాళ్ళు చెబుతారు. కుదురు బాగుంటే పిలకలు అవే వస్తాయి. ఈ రెండు మాటల్నీ మన వాళ్ళు పొలం నుంచి నెత్తి మీదికి తెచ్చుకున్నారు. జుట్టుకీ కుదుళ్ళే, నడినెత్తిన మిగిల్చిన జుట్టూ పిలకే. పండితులు రోమకూపం అన్నారు, అంటే వెంట్రుక పుట్టే బావి. అదీ చక్కని మాటే. నాకు మాత్రం కుదురే నచ్చుతుంది. బావికి లోతుంటుంది, కుదురుకి మళ్ళీ మొలిచే గుణం ఉంటుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ మళ్ళీ మొలిచే గుణం గురించే. దాన్నుంచి జుట్టు ఎలా వస్తుందో, గడ్డ ఎలా వస్తుందో, ఆ రెండింటికీ సుబ్బారావు గారికీ సంబంధం ఏమిటో చెబుతాను.

ఆయన 1895 జనవరి 12న, ఇక్కడికి ఓ 20 కిలోమీటర్ల దూరంలో, భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనబెట్టుకుంది, అదే జబ్బు తననీ మంచం పట్టించింది. 1923లో బోస్టన్ చేరారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద హార్వర్డ్‌లో చేసిన పని గురించి చెప్పాలంటే ఇంకో సాయంత్రం కావాలి. 1940లో లెడర్లీ సంస్థకి వెళ్ళాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగుల ఒంట్లో లోపించేది అదే. మన ఇళ్ళకి వచ్చి పంచిన బోదకాలు మాత్ర, డీఈసీ, అదీ ఆయన బృందం చలవే. కొల్లేటి చుట్టుపక్కల కాళ్ళు బరువెక్కి నడిచిన తాతల్ని చూసిన వాళ్ళకి ఆ మాత్ర విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇవాళ్టి సంగతికి కావలసింది మాత్రం ఇంకో మందు. ఫోలిక్ ఆమ్లం అందితే కణాలు చురుగ్గా విభజన చెందుతాయి. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అదిస్తే జబ్బు తగ్గకపోగా ఎక్కువైనట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ గమనించారు. అలాగైతే ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి కణాన్ని మోసం చేసే పదార్థం కావాలి. సుబ్బారావు గారి బృందం అలాంటివి తయారుచేసి ఇచ్చింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించిన ఫలితాల్లో మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది. కానీ అంతవరకు ఆ జబ్బుకి ఆ కొన్నాళ్ళు కూడా ఇవ్వగలిగిన మందు లేదు. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు. యాభై మూడేళ్ళ మనిషి. అమినోప్టెరిన్‌కి తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ నేటికీ మన మందుల షాపుల్లో ఉంది.

విభజన చెందే కణాల మీద పడే మందులు మంచి చెడు చూడవు. ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగు లోపలి పొర, జుట్టు కుదురు అడుగు, ఎక్కడ కణాలు హడావిడిగా పెరుగుతుంటే అక్కడ దెబ్బ తగులుతుంది. అందుకే కీమోథెరపీలో జుట్టు రాలుతుంది. ఆ మందుల వార్డులో తల మీద పమిట కప్పుకుని కూర్చున్న ఆడవాళ్ళు డాక్టర్ని అడిగే మొదటి ప్రశ్న చాలాసార్లు ప్రాణం గురించి కాదు. "మళ్ళీ వస్తుందాండీ?" అని. "ఆయ్, వస్తుందమ్మా" అంటాం. కొన్ని నెలలకి వస్తుంది కూడా.

ఆ సమాధానం చెప్పేసి ఊరుకోవడం తేలిక. కానీ ఎక్కడినుంచి వస్తుంది?

ద్వారకా తిరుమలలో తలనీలాలిచ్చిన వాళ్ళ జుట్టు రావడంలో వింత లేదు. కత్తి కోసేది చర్మం పైన ఉన్న జీవం లేని పోగుని. కుదురుకి ఆ సంగతే తెలియదు. మందు అలా కాదు. అది వెంట్రుకని తయారుచేసే కణాలనే చంపుతుంది. నారుమడి మొత్తం తగలబడ్డాక పొలం మళ్ళీ పచ్చబడితే, విత్తనం ఇంకెక్కడో దాగి ఉందన్నమాట. ఆ దాగిన విత్తనం చోటు తెలిసింది 1990లో. చర్మం మీద వచ్చే గడ్డల చరిత్ర అక్కడినుంచే మలుపు తిరిగింది.

కుదురు కట్టుబడి ఒకసారి చూద్దాం. మన తల మీద దాదాపు లక్ష కుదుళ్ళుంటాయి. ఒక్కోటి చర్మంలోకి వాలుగా దిగిన సన్నని గొట్టం. పై భాగం గరాటులా చర్మంలో కలుస్తుంది. కొంచెం కింద నూనె గ్రంథి దాంట్లోకి తెరుచుకుంటుంది. ఆ గ్రంథి కింద చలికో భయానికో రోమాలు నిక్కబొడిచేలా లాగే బుల్లి కండరం వచ్చి అతుక్కుంటుంది. అట్టడుగున ఉల్లిపాయలా ఉబ్బిన భాగం ఉంటుంది. వెంట్రుక తయారయ్యేది అందులోని మ్యాట్రిక్స్ కణాల నుంచి. నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుదల వాటి పుణ్యమే. తల మీది కుదురు రెండు నుంచి ఆరేళ్ళు పనిచేసి, తర్వాత అడుగు భాగాన్ని తనంతట తానే చంపుకుని పైకి ముడుచుకుంటుంది. కొన్నాళ్ళు నిద్రపోతుంది. తర్వాత మళ్ళీ కిందికి దిగి కొత్త వెంట్రుక మొదలెడుతుంది. చెరకు కొట్టాక కార్శి లేచినట్టు.

అడుగున అంత జోరుగా పెరుగుతుంటే ఆ దాగిన విత్తనాలు, అంటే మూలకణాలు, కూడా అక్కడే ఉంటాయని అందరూ అనుకున్నారు. అమెరికాలో జార్జ్ కాట్సరెలిస్, టుంగ్-టియెన్ సన్, రాబర్ట్ లావ్‌కర్ ఎలుక పిల్లలకి రేడియోధార్మిక థైమిడిన్ ఎక్కించారు. అది కణంలో డీఎన్ఏలోకి చేరుతుంది. కణం రెండుగా చీలిన ప్రతిసారీ సగం సగం పంచుకుపోతుంది. మన పల్లెల్లో పంపకాల్లాగే. పదెకరాల ఆస్తి నాలుగు తరాలు పంచుకుంటే గట్టు వెడల్పు మిగులుతుంది. పంపకం జరగని ఇంట్లో పదెకరాలూ అలాగే ఉంటుంది. వారాలు గడిచాక ఆ గుర్తు ఇంకా చెక్కుచెదరకుండా ఎక్కడ ఉందో చూస్తే, అరుదుగా విభజన చెందే కణాలు, అంటే పెట్టుబడి తీయకుండా దాచుకున్న కణాలు, దొరుకుతాయి. వాళ్ళు చూసేసరికి అడుగున గుర్తు లేదు. బుల్లి కండరం అతుక్కునే చోట, కుదురు నడిమిన, చిన్న ఉబ్బులో ఉంది. ఇంగ్లీషులో బల్జ్ అంటారు, నేను కుదురు బుడిపె అంటాను. కీమోథెరపీ తర్వాత జుట్టు వచ్చేది అక్కడి నుంచే. నిద్రపోతున్న కణాన్ని ఆ మందు అంతగా పట్టించుకోదు.

దీన్ని రుజువు చేసే జబ్బులు మన చర్మవ్యాధుల ఓపీలోనే ఉన్నాయి. పేనుకొరుకుడులో ఒంటి రక్షణ కణాలు కుదురు అడుగు మీద దాడి చేస్తాయి, బుడిపె మిగిలే ఉంటుంది, అందుకే జుట్టు తిరిగి రావడానికి అవకాశం ఉంటుంది. కొన్ని జబ్బుల్లో మంట బుడిపె చుట్టూ పడుతుంది. అప్పుడు మచ్చ మిగులుతుంది గాని వెంట్రుక రాదు. పిలక పోవడం వేరు, కుదురు పోవడం వేరు.

ఇప్పుడు గడ్డల దగ్గరికి వస్తాను. నేను పెథాలజిస్టుని. నా బతుకంతా గాజు పలక మీద గులాబీ, ఊదా రంగులు చూస్తూ గడిచింది. మన వైపు చర్మం మీద ఏది లేచినా కొవ్వు గడ్డ అంటారు, లేదా కంతి అంటారు. నెత్తి మీద నున్నగా, గుండ్రంగా పెరిగే కాయల్లో చాలావాటిలో కొవ్వు చుక్క కూడా ఉండదు. డాక్టర్లు సైతం చాలాకాలం దాన్ని నూనె గ్రంథి గడ్డ అని పిలిచారు. కోసి చూస్తే లోపల ఉండేది కెరటిన్. దాని గోడ కుదురు మధ్య భాగపు పొరని అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అంటే అది కుదురు తాలూకు కాయ. పేరులో పొరపాటు పడితే ఆలోచన కూడా అక్కడే ఆగిపోతుంది.

ఇంకో పేరు కథ ఇంతకంటే పొడుగు. ఫ్రాన్సులో మలెర్బ్, షెనాంటే అనే ఇద్దరు 1880లో రాయిలా గట్టిపడే ఒక గడ్డని వర్ణించారు. నూనె గ్రంథి నుంచి పుట్టిందని అనుకున్నారు. అది ఎనభై ఏళ్ళకు పైగా మలెర్బ్ పేరుతోనే నడిచింది. 1961లో ఫోర్బిస్, హెల్విగ్ దానికి పైలోమాట్రిక్సోమా అని పేరు పెట్టారు, వెంట్రుక మ్యాట్రిక్స్‌ని పోలిన గడ్డ అని. ఎక్కువగా పిల్లలకి, ముఖం మీద, మెడ మీద, చేతుల మీద వస్తుంది. సూక్ష్మదర్శినిలో రెండు రకాల కణాలు. ఒక అంచున చిక్కగా, ముదురు నీలంగా, దగ్గరదగ్గరగా ఉండేవి. రెండో వైపు లేత గులాబీ రంగులో, కేంద్రకం ఉండాల్సిన చోట ఖాళీ మిగిలినవి. వాటిని నీడ కణాలు అంటాం. వెంట్రుక కావాలని బయల్దేరి, దారిలో కేంద్రకాన్ని వదిలేసి, వెంట్రుక కాలేక ఆగిపోయిన కణాలు. వాటి మీద సున్నం పేరుకుంటుంది.

ఈ గడ్డ విషయంలో నా చేతుల మీదుగా జరిగిన ఒక తప్పు ఈ వేదిక మీద చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొల్లేటి లంక గ్రామం నుంచి ఎనిమిదేళ్ళ పిల్లని తీసుకొచ్చారు. నాన్న చేపల చెరువు కాపలా. కుడి కనుబొమ్మ పక్కన చిన్న గడ్డ. సూదితో తీసిన నమూనా నా బల్ల మీదికి వచ్చింది. చీటీలో వయసు తప్ప ఏమీ లేదు. ఎప్పటినుంచి ఉందో, గట్టిగా ఉందో మెత్తగా ఉందో రాయలేదు. సూదిలో వచ్చింది ఆ ముదురు నీలం కణాలు మాత్రమే. చిక్కగా, గుంపులుగా ఉన్నాయి. చిన్న పిల్లల్లో వచ్చే ప్రమాదకరమైన గడ్డలు కూడా సూదికి అలాగే కనిపిస్తాయి. నేను "క్యాన్సర్ అనుమానం" అని రాశాను. వాళ్ళమ్మ మెళ్ళో గొలుసు తాకట్టుపెట్టి పిల్లని పెద్ద ఊరు తీసుకెళ్ళారు. అక్కడి సర్జన్ నిదానస్తుడు, తొందరపడి ముఖం కోయలేదు. గడ్డని మాత్రం చుట్టూ కొంచెం చర్మంతో తీసి చూశారు. పలకలు నాకూ పంపించారు. ఒక అంచున నా నీలం కణాలు, మిగతా అంతా నీడ కణాలు, మధ్యలో సున్నం. ఆ గొలుసు విడిపించుకున్నారో లేదో నేను అడగలేకపోయాను. వాళ్ళమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "ఇది మా పిల్లకి ఎక్కడ్నుంచి వచ్చిందండీ, డాక్టరు గారూ?" చేపలు తిన్నందుకా, చెరువు నీళ్ళకా, దిష్టికా అని ఆవిడ ఉద్దేశం. ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు.

జవాబు ఒక ఎలుక ఇచ్చింది. 1998లో షికాగోలో ఎలేన్ ఫుక్స్ బృందం బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్‌ని అరిగిపోకుండా చేసి ఎలుక చర్మంలో పెట్టింది. కణానికి "ఇప్పుడు వెంట్రుకగా మారు" అనే ఆదేశాన్ని లోపలికి మోసుకెళ్ళే ప్రొటీన్లలో అదొకటి. మామూలుగా పని కాగానే కణం దాన్ని విరిచి పారేస్తుంది. విరగకపోవడంతో ఆదేశం ఆగలేదు. పుట్టిన తర్వాత కొత్త కుదుళ్ళు రావడం మామూలుగా జరగదు, కానీ ఆ ఎలుకలకి కుదుళ్ళ మధ్య చర్మంలో కొత్తగా కుదుళ్ళు లేచాయి. వయసు పెరిగేసరికి గడ్డలూ లేచాయి. కోసి చూస్తే పైలోమాట్రిక్సోమాలు! మరుసటి ఏడాది అదే బృందం మనుషుల గడ్డలు పరీక్షిస్తే, కనీసం నాలుగింట మూడు వంతుల్లో బీటా-కెటెనిన్ జన్యువులోనే మార్పు ఉంది. చేపా కాదు, చెరువూ కాదు, దిష్టీ కాదు. ఒక కుదురులో ఒక కణానికి వెంట్రుక మొదలెట్టమన్న ఆదేశం వచ్చి, ఇక చాలు అన్న మాట అందలేదు. వాళ్ళమ్మ ఇవాళ ఈ సభలో ఉంటే ఇదే చెబుతాను.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. గడ్డ దేన్ని పోలి ఉందో అక్కడే పుట్టిందని తీర్మానించకూడదు. మా శాస్త్రం వందేళ్ళ పాటు పోలికల మీదే నడిచింది. మ్యాట్రిక్స్‌ని పోలితే మ్యాట్రిక్స్ గడ్డ, బయటి పొరని పోలితే బయటి పొర గడ్డ. కొల్లేటి గట్టున నిలబడి దోసిట్లో నీళ్ళు తీసుకుని, ఇవి బుడమేరు నీళ్ళా, తమ్మిలేరు నీళ్ళా అంటే రుచి చూసి ఎవరు చెప్పగలరు? సరస్సులో కలిశాక నీళ్ళన్నీ ఒక్కటే, ఉప్పుటేరులో పోయేదీ ఆ కలిసిన నీరే. తెలుసుకోవాలంటే ఒక్కటే దారి. ఎగువన బుడమేరులో మాత్రమే రంగు కలిపి, దిగువన ఆ రంగు ఎక్కడ తేలుతుందో చూడాలి. ఎలుకల్లో ఇప్పుడు అదే చేస్తారు. కుదురు బుడిపెలోని కణాలకి మాత్రమే, లేదా కుదుళ్ళ మధ్య చర్మంలోని కణాలకి మాత్రమే, చెరగని రంగు గుర్తు పెడతారు. ఆ గుర్తు తరతరాలకీ సంక్రమిస్తుంది. అదే కణంలో క్యాన్సర్ జన్యువుని కూడా మేల్కొల్పి, గడ్డ వచ్చాక అది ఏ రంగులో ఉందో చూస్తారు.

ఈ పరీక్షకి అన్నిటికన్నా ఎక్కువగా నిలబడింది బేసల్ సెల్ కార్సినోమా. ముఖం మీద నెమ్మదిగా పెరిగి, మధ్యలో పుండు పడి, చుట్టూ ముత్యాల గట్టు కట్టినట్టుండే క్యాన్సర్. దూరం పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ముక్కుని, కంటిని తినేస్తుంది. 1827లో డబ్లిన్ డాక్టర్ ఆర్థర్ జేకబ్ వర్ణించారు. తెల్లజాతి వాళ్ళలో అన్ని క్యాన్సర్ల కన్నా ఎక్కువగా వచ్చేది ఇదే. మనలో తక్కువ. చెరువు గట్ల మీద తెల్లారినప్పటి నుంచి ఎండలో నిలబడే మన వాళ్ళకి చర్మంలోని నల్లరంగే గొడుగు. వచ్చినప్పుడు మాత్రం మనలో తరచుగా నల్లగా ఉంటుంది, పుట్టుమచ్చ అనుకుని ఏళ్ళ తరబడి వదిలేస్తారు. ముక్కు పక్కన, కంటి కింద కొత్తగా వచ్చి, పొక్కు కట్టి, ఊడి, మళ్ళీ కట్టే నల్లమచ్చ ఏదీ పుట్టుమచ్చ కాదు. దయచేసి చూపించుకోండి.

1996లో రెండు బృందాలు దీని వెనుక ఉన్న జన్యువుని పట్టుకున్నాయి. పేరు ప్యాచ్డ్. పండు ఈగల పరిశోధనలో బయటపడిన హెడ్జ్‌హాగ్ సందేశానికి అది కాపలాదారు. కాపలా పోతే, ఎదగమన్న సందేశం ఆగదు. ఆ సందేశమే పిండంలో కుదురుని మొలిపిస్తుంది, పెద్దయ్యాక నిద్రపోయిన కుదురుని లేపుతుంది. అందుకే చాలామంది ఈ క్యాన్సర్ కుదురులోనే పుడుతుందన్నారు. 2010లో బ్రసెల్స్‌లో సెడ్రిక్ బ్లాన్‌పాన్ బృందం రంగు పెట్టి చూస్తే, వాళ్ళ ఎలుకల్లో గడ్డలు కుదుళ్ళ మధ్య చర్మం నుంచి, కుదురు పైగరాటు నుంచి వచ్చాయి. బుడిపె నుంచి రాలేదు. 2011లో అమెరికాలో ఎర్విన్ ఎప్‌స్టైన్ బృందం ప్యాచ్డ్ ఒక నకలు లేని ఎలుకలకి రేడియేషన్ కూడా ఇచ్చి చూస్తే, గడ్డలు ఎక్కువగా బుడిపె కణాల నుంచే వచ్చాయి. అదే ఏడాది ఇంకో బృందం రెండు చోట్ల నుంచీ రావచ్చని, పుట్టిన చోటుని బట్టి గడ్డ రూపం మారుతుందని చూపించింది. కుదురు నుంచి వచ్చింది ముద్దగా లోతుకి దిగింది, పైచర్మం నుంచి వచ్చింది పైనే పరుచుకుంది.

దీన్ని తగాదాగా చూసేవాళ్ళున్నారు. నేనలా చూడను. బుడమేరు పొంగిన ఏడు కొల్లేటిలో బుడమేరు నీరెక్కువ, తమ్మిలేరు పొంగిన ఏడు తమ్మిలేరు నీరెక్కువ. ఏ దెబ్బ ఎక్కడ తగిలిందన్నదే తేల్చుతుంది. రేడియేషన్ బుడిపె కణాన్ని మేల్కొల్పింది, గాయం కూడా మేల్కొల్పుతుంది. చర్మం తెగినప్పుడు బుడిపె కణాలు కుదురు వదిలి పైకి పాకి పుండు మాన్పడంలో సాయపడతాయని 2005లోనే తెలుసు. మనుషుల్లో దీనికి దుఃఖకరమైన సాక్ష్యం ఉంది. తలలో తామర వచ్చిన పిల్లలకి జుట్టు రాల్చడానికి ఎక్స్-రేలు పెట్టే పద్ధతి ఒకప్పుడు ప్రపంచమంతా ఉండేది. ఇజ్రాయెల్‌లో 1950ల చుట్టూ వేలమంది పిల్లలకి అలా చేశారు. జుట్టు రాలింది, తామర పోయింది, జుట్టు మళ్ళీ వచ్చింది. దశాబ్దాల తర్వాత వాళ్ళ నెత్తి మీద ఈ క్యాన్సర్లు మామూలు కన్నా ఎక్కువగా లేచాయి. కుదురు మర్చిపోలేదు.

ఆ ఎక్స్-రే కిరణం బయటపడింది 1895లో. నూనె గ్రంథి పుట్టుమచ్చని యాడసోన్ అనే వైద్యుడు వర్ణించింది కూడా 1895లోనే. పుట్టుకతోనే నెత్తి మీద జుట్టు లేకుండా, పసుపుపచ్చగా, నున్నగా ఉండే మచ్చ అది. పెద్దయ్యాక దాని మీద గడ్డలు లేస్తే చాలాకాలం బేసల్ సెల్ క్యాన్సర్ అని రాసేవారు. పాత పలకలు మళ్ళీ చూస్తే వాటిలో చాలావరకు ట్రైకోబ్లాస్టోమాలు, అంటే కుదురు మొలకని పోలిన అపాయం లేని గడ్డలు. రెండూ నీలం కణాల గుంపులే. తేడా చుట్టూ ఉన్న మట్టిలో ఉంటుంది. ట్రైకోబ్లాస్టోమా తన చుట్టూ కుదురు పీచుని పేర్చుకుంటుంది, క్యాన్సర్ తన చుట్టూ చీలిక వదులుకుంటుంది.

ఇంకో మాట ఇంటి పెద్దల కోసం. ముక్కు, నోటి చుట్టూ చిన్న చిన్న పొక్కులు డజన్ల కొద్దీ లేచి, అవి ట్రైకిలెమ్మోమాలనే కుదురు గడ్డలని తేలితే, ఆ మనిషికి రొమ్ము, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. అది కౌడెన్ జబ్బు కావచ్చు, పీటెన్ జన్యువు లోపం. ముఖం నిండా తెల్లని చిన్న గుమ్మటాలు ఫైబ్రోఫోలిక్యులోమాలనే కుదురు గడ్డలని తేలితే మూత్రపిండాలు చూడాలి. ఆ ఇంట్లో అన్నదమ్ముల్ని, పిల్లల్ని కూడా. అందం కోసం కాల్పించుకునే ముందు ఒక్క పొక్కుని పరీక్షకి పంపితే, లోపల పెరిగేదాన్ని ఏళ్ళ ముందే పట్టుకోవచ్చు.

క్యాన్సర్ ఎక్కడినుంచైనా పుడుతుందా? ఇదీ రంగు పెట్టి చూశారు. 2011లో రెండు బృందాలు విడివిడిగా, పొలుసుల క్యాన్సర్ అనే ఇంకో చర్మ క్యాన్సర్‌ని తెప్పించే జన్యువుని ఒకసారి బుడిపె మూలకణాల్లో, ఒకసారి అడుగున జోరుగా పెరిగే మ్యాట్రిక్స్ కణాల్లో మేల్కొల్పాయి. బుడిపెలో గడ్డలొచ్చాయి. మ్యాట్రిక్స్‌లో రాలేదు. అడుగు కణాలకి ఆయుష్షు తక్కువ, వెంట్రుకతో పాటు పైకి పోతాయి. పొరపాటుని దాచుకునే సమయం వాటికి ఉండదు. ఏళ్ళ తరబడి ఒకే చోట ఉండే కణమే ఒకదాని మీద ఒకటి దెబ్బలు పోగేసుకుంటుంది. తుంగని పైన కోస్తే పోదని మన రైతుకి తెలుసు. కింద గడ్డ ఉంటుంది. మన భాషలో తుంగ కింద ఉండేదీ గడ్డే, చర్మం కింద లేచేదీ గడ్డే.

ఇంత చెప్పి సుబ్బారావు గారి దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఆయన మందు, ఈ కుదురు ఒక చోట కలుస్తాయి. కెరటోఅకాంథోమా అనే గడ్డ ఉంది. ఎండ తగిలే చోట, పెద్దవాళ్ళకి, కొన్ని వారాల్లోనే గోపురంలా లేస్తుంది. నడిమిన కొమ్ము లాంటి కెరటిన్ బిరడా. కుదురు పైభాగం నుంచి వస్తుందని మా అంచనా. చూసి హడలిపోతారు. కానీ వింతగా, చాలావాటిలో కొన్ని నెలల తర్వాత అది తనంతట తానే కరిగి, గుంట మచ్చ మిగులుస్తుంది. పెరగడం, ఆగడం, ముడుచుకోవడం. జుట్టు కుదురు జీవితకాలమంతా చేసే పని అదే కదా! గడ్డ అయ్యాక కూడా కుదురు తన పాత అలవాటు మర్చిపోలేదేమో అనిపిస్తుంది ఆ పలకలు చూస్తుంటే. పొలుసుల క్యాన్సర్ నుంచి దీన్ని వేరుచేయడం కష్టం కాబట్టి కోసి తీసేయడమే మంచి పద్ధతి. కానీ ముక్కు కొస మీదో పెదవి మీదో వచ్చి, కోస్తే రూపు పోయేలా ఉంటే, మెథోట్రెక్సేట్‌ని సూదితో నేరుగా గడ్డలోకి ఎక్కిస్తారు. చాలామందిలో అది కరుగుతుంది. భీమవరం మనిషి బృందం రక్త క్యాన్సర్ పిల్లల కోసం తీసిన దారిలో పుట్టిన మందు, ఒక పెద్దావిడ ముక్కుని కాపాడుతుంది.

హెడ్జ్‌హాగ్ సందేశాన్ని అడ్డుకునే మందు విస్మోడెగిబ్ 2012లో వచ్చింది. కోయలేనంత ముదిరిన బేసల్ సెల్ క్యాన్సర్లకి ఇస్తారు. దాని దారి మొదలైంది అమెరికాలో ఐడాహో గొర్రెల మందల్లో. ఒక కొండ మొక్క మేసిన గొర్రెలకి ఒంటి కంటి పిల్లలు పుట్టడం చూసి వెతుకుతూ పోతే, ఆ మొక్కలో హెడ్జ్‌హాగ్‌ని ఆపే పదార్థం దొరికింది. విస్మోడెగిబ్ తీసుకునే వాళ్ళలో చాలామందికి జుట్టు రాలుతుంది. గడ్డని ఆపే మందు కుదురునీ ఆపుతోందంటే ఆ రెండింటిదీ ఒకే సందేశమని ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చివరిగా ఒక విన్నపం. ఈ చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల్లో రోజూ కంతులు తీస్తారు. పది నిమిషాల పని. తీసిన ముక్క చాలాసార్లు బకెట్‌లోకి వెళ్ళిపోతుంది. దాన్ని పారేయకండి. చిన్న సీసాలో పది శాతం ఫార్మలిన్ పోయండి. ముక్క దాంట్లో పూర్తిగా మునగాలి. సీసా మీద పేరు రాయండి. రోగులు కూడా అడగండి, "మా గడ్డ పరీక్షకి పంపారాండీ?" అని. అడగడంలో తప్పు లేదు. ఆ సీసాతో పాటు ఒక చీటీ పెట్టండి. ఆ చీటీలో మాకు ఎన్నో అక్కర్లేదు. ఆ రోజు నా బల్ల మీదికి ఈ నాలుగు మాటలు వచ్చుంటే చాలేది:

"ఎనిమిదేళ్ళ పాప. కుడి కనుబొమ్మ పక్కన. రెండేళ్ళ నుంచి. రాయిలా గట్టిగా ఉంది."